నూటికి నూరు సరే, ఎంతమందిలో? పాఠశాల విద్యాశాఖ సంచాలకుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకుల వారికి,

నమస్కారములు.

నేను హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణిత ఉపాధ్యాయుడిగా, ఆ తరువాత ప్రధానోపాధ్యాయుడిగా ముప్పై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మల్కాజిగిరిలో మేముండే వీధిలో నన్ను ఇప్పటికీ లెక్కల సార్ అనే పిలుస్తారు. సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర నుంచి జూన్ 12న బడులు తెరిచేదాకా మా ఇంటికి వచ్చే ఇరుగుపొరుగువారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "సార్, పాపను ఏ బడిలో వేయమంటారు?" వాళ్ల చేతిలో ఒక రంగుల కరపత్రం ఉంటుంది, ఫోనులో రెండు మూడు ఫ్లెక్సీల ఫొటోలు ఉంటాయి. అన్నిటి మీదా పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని ముందూ వెనకా తిరగేసి ప్రతిసారీ నేను వెతికే అంకె ఒకటుంది. ఇన్నేళ్లలో అది ఏ కరపత్రంలోనూ నాకు కనిపించలేదు. నూటికి నూరు సరే, ఎంతమందిలో?

ఈ లేఖ మీకే రాయడానికి కారణం, అది దొరకని అంకె కాకపోవడం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఎంతమంది పిల్లలున్నారో ప్రతి బడీ ఏటా బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో నింపి మీ శాఖకు తెలియజేస్తుంది. అదే బడి నుంచి ఎంతమంది పబ్లిక్ పరీక్షకు కూర్చుంటున్నారో నామినల్ రోల్స్ అనే విద్యార్థుల జాబితా రూపంలో ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి చేరుతుంది, ఎవరెవరు గట్టెక్కారో కూడా అక్కడే తేలుతుంది. ఈ రెండు కార్యాలయాల కాగితాలను పక్కపక్కన పెట్టి, బడికొక పేజీ చొప్పున, తెలుగులోనూ ఉర్దూలోనూ తల్లిదండ్రుల కళ్లముందు ఉంచమని అడగడానికే ఇది రాస్తున్నాను.

ఇంత పట్టుబట్టడం ఎందుకో అర్థం కావాలంటే ఒక పిల్ల సంగతి చెప్పాలి. ఒక ఏడాది జూన్‌లో, పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్పించే బడిబాట కార్యక్రమం జరుగుతున్న రోజుల్లో, అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా పనిచేసే ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకొని నా గదికి వచ్చాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం. పిల్ల తొమ్మిదో తరగతి దాకా ఒక ప్రైవేటు బడిలో చదివింది. వార్షిక పరీక్షలయ్యాక ఆ బడివాళ్లు తండ్రిని పిలిపించి, అమ్మాయికి లెక్కలూ సైన్సూ రావడం లేదనీ, పదో తరగతి తమ దగ్గర నెగ్గుకురాలేదనీ, టీసీ తీసుకెళ్లమనీ చెప్పారట. ఆ తరగతిలో అలా టీసీ చేతిలో పెట్టించుకున్నది తనొక్కతే కాదని ఆ పిల్లే నాకు చెప్పింది. మేం చేర్చుకున్నాం. ఏడాది పొడుగునా సాయంత్రం ప్రత్యేక తరగతుల్లో కూర్చోబెట్టాం. మార్కులు గొప్పగా రాకపోయినా అన్ని సబ్జెక్టుల్లోనూ పాసయింది. ఫలితాలు వచ్చిన వారానికి ఆ ప్రైవేటు బడి గేటు మీద నూటికి నూరు అంటూ ఫ్లెక్సీ వెలిసింది. మా బడిలో ఆ ఏడాది ముగ్గురు తప్పారు కాబట్టి మా శాతం తక్కువే. ఈ రెండు శాతాలను మాత్రమే చూసిన తల్లిదండ్రులకు ఏ బడి మంచిదనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పిల్లను వదిలించుకున్న బడి లెక్కలో ఆ పిల్ల ఎక్కడా లేదు.

ఒక ఊహా లెక్కతో ఇదే విషయం వివరిస్తాను. ఒక బడిలో ఎనిమిదో తరగతిలో 60 మంది ఉన్నారనుకుందాం. తొమ్మిదికి 58 మంది అయ్యారు, పదికి వచ్చేసరికి 41 మందే మిగిలారు, ఆ 41 మందీ పాసయ్యారు. శాతం నూరు. ఇంకో బడిలోనూ ఎనిమిదిలో 60 మందే. తొమ్మిదిలో 59, పదిలో 58, వాళ్లలో పాసైనవారు 53 మంది. శాతం 91. కరపత్రం చదివితే మొదటి బడిదే పైచేయి. ఎనిమిదిలో ఉన్న 60 మందికి పదో తరగతి చివర ఎంతమంది పాసై బయటికొచ్చారని చూస్తే, మొదటి బడిలో నూటికి 68 మంది, రెండో బడిలో నూటికి 88 మంది. పిల్లలు సహజంగానూ బడి మారతారు. అద్దె ఇళ్ల మీద బతుకులు నడిచే ఈ నగరంలో ఇల్లు ఖాళీ చేస్తే బడి కూడా మారుతుంది, మధ్యలో కొత్తగా చేరేవాళ్లూ ఉంటారు. కనుక ఇద్దరు ముగ్గురు తగ్గారని ఏ బడినీ అనుమానించకూడదు. తొమ్మిదికీ పదికీ మధ్య ఒక్క వేసవిలో 58 మంది 41 మంది అయితే మాత్రం ఆ 17 మంది ఎక్కడికి వెళ్లారని అడగాలి. అడగాలంటే ముందు ఆ అంకెలు తల్లిదండ్రులకు తెలియాలి.

నూటికి నూరు అనే మాటకు మనం ఇస్తున్న విలువ కూడా అతిగా ఉంది. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 91.31 శాతం. ఆ ఏడాది 3,927 బడుల్లో అందరూ పాసయ్యారనీ, 6 బడుల్లో ఒక్కరూ పాసు కాలేదనీ అధికారులు ప్రకటించారు. పరీక్షకు పిల్లల్ని పంపే బడులు రాష్ట్రంలో పదకొండు వేలకు పైగా ఉన్నాయి. అంటే దాదాపు ప్రతి మూడు బడుల్లో ఒకటి నూటికి నూరు తెచ్చుకుంది. 2025లో రాష్ట్ర ఉత్తీర్ణత 92.78కి చేరింది. పైగా ఆ వందలో ఇటీవలి సంవత్సరాల్లో 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మార్కులు. అందరూ పాసయ్యే బడికీ, అందరూ బాగా నేర్చుకునే బడికీ మధ్య తేడా ఈ శాతంలో కనిపించదు. కొన్ని ఫ్లెక్సీల మీద వరుసగా పదేళ్లు నూటికి నూరు అని కూడా రాస్తారు. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల పబ్లిక్ పరీక్షలు రద్దయి రాష్ట్రంలో నమోదైన పిల్లలందరినీ పాస్ చేశారు. ఆ రెండేళ్ల నూరు శాతం ఏ బడి గొప్పతనాన్నీ చెప్పదు.

చిన్న బడుల విషయంలో శాతం ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. పన్నెండు మంది పరీక్ష రాసే బస్తీ బడిలో ఒక్క పిల్లవాడు జ్వరంతో ఒక పరీక్షకు వెళ్లలేకపోతే ఉత్తీర్ణత 92కు పడిపోతుంది, ఇద్దరు తప్పితే 83. రెండు వందల మంది రాసే బడిలో ఇద్దరు తప్పినా 99 దగ్గరే ఉంటుంది. అందుకే ఒక్క ఏడాది అంకె చూసి ఏ బడి మీదా తీర్పు చెప్పవద్దని మా వీధివాళ్లకు చెబుతుంటాను. మూడేళ్లలో రాసినవారందరినీ కూడి, పాసైనవారందరినీ కూడి, అప్పుడు శాతం తీస్తే కొంత నిలకడ ఉంటుంది. టాపర్ల ఫొటోల మాట మరీ ఘోరం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా శాఖలున్న ఒక యాజమాన్యం అన్ని శాఖల్లోని మొదటి ర్యాంకుల పిల్లల ఫొటోలను ప్రతి శాఖ ముందూ కడుతుంది. తల్లిదండ్రులు అడగాల్సింది తమ పాప కూర్చోబోయే ఆ భవనంలో ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అన్నది. ఫొటోలో ఉన్న పిల్ల ఎంత తెలివైనదైనా, తరగతిలో మధ్యలో ఉన్న పిల్లకు ఆ బడి ఏం నేర్పిందో ఆ ఫొటో చెప్పలేదు.

ఈ లేఖను తల్లిదండ్రులు కూడా చదువుతారు కాబట్టి, ఇప్పటికే అందుబాటులో ఉన్న సమాచారాన్ని ఎలా చూడాలో ఇక్కడే కొంత వివరంగా రాస్తాను. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో నో యువర్ స్కూల్ అనే విభాగం ఉంది. ఎవరైనా చూడవచ్చు, రుసుము లేదు. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనకు 36. తరువాతి రెండు జిల్లావి, ఆపై రెండు మండలానివి, ఆపై మూడు గ్రామం లేదా వార్డువి, చివరి రెండూ బడివి. కోడ్ బడి ఆఫీసులో అడిగితే చెప్పాలి. పేరుతో వెతికేవాళ్లు మాత్రం ఒక సంగతి గమనించాలి. మనం హైదరాబాద్ అనుకునేదంతా హైదరాబాద్ జిల్లా కాదు. కూకట్‌పల్లి, ఉప్పల్, మా మల్కాజిగిరి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. చాలామంది హైదరాబాద్ జిల్లా ఎంచుకొని, బడి దొరకలేదని నా దగ్గరకు వచ్చారు.

బడి రిపోర్టు కార్డు తెరిచాక అందరి చూపూ గదులు, మరుగుదొడ్లు, కంప్యూటర్ల మీదికి వెళుతుంది. నేనైతే ముందుగా ఆ బడిలో అత్యధిక తరగతి ఏదని రాశారో చూడమంటాను. నగరంలో ఏడో తరగతి వరకే గుర్తింపు ఉండి పది దాకా పాఠాలు చెప్పే బడులున్నాయి. ఆ పిల్లల పేర్లు నామినల్ రోల్స్‌లో వేరే బడి పేరు మీద వెళతాయి, పరీక్ష ఆ బడి విద్యార్థులుగా రాస్తారు, మార్కుల మెమో మీద కూడా వాళ్లు ఏనాడూ అడుగుపెట్టని బడి పేరే ఉంటుంది. ఈ విషయం చాలామంది తల్లిదండ్రులకు హాల్ టికెట్ చేతికి వచ్చిన రోజున గానీ తెలియదు. ఇక తరగతుల వారీ సంఖ్యను ఒక్క ఏడాదికి కాకుండా వరుసగా మూడేళ్లకు తీసుకొని, మొదటి ఏడాది ఎనిమిది, రెండో ఏడాది తొమ్మిది, మూడో ఏడాది పది, ఇలా ఏటవాలుగా చదవాలి. నేను పైన చెప్పిన 60, 58, 41 లెక్క అప్పుడు దానంతట అదే బయటపడుతుంది. ఈ ఒక్క పనికి అరగంట పడుతుంది, ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు.

ఉపాధ్యాయుల సంఖ్య కూడా ఆ కార్డులోనే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. చాలామంది మొత్తం పిల్లల్ని మొత్తం ఉపాధ్యాయులతో భాగించి, ఫర్వాలేదని తృప్తి పడతారు. అదే చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం–సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలని కూడా చెబుతోంది. పది మంది ఉపాధ్యాయులున్న బడిలో లెక్కలు చెప్పేవారు లేకపోవడం నేను కళ్లారా చూశాను. బడికి వెళ్లినప్పుడు, ఈ తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారు, వారు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. ఏటా జూన్‌లో ఉపాధ్యాయులు మారిపోయే బడిలో ఫలితాలు ఎంత బాగున్నా, ఆ ఫలితాలు తెచ్చిన ఉపాధ్యాయుడు మీ పిల్లలకు పాఠం చెప్పకపోవచ్చు.

ఈ కార్డులోని వివరాలన్నీ బడి తనంతట తాను నింపినవేనన్న సంగతి మరువకూడదు. నేనూ ఏళ్ల తరబడి నింపాను. సైన్సు ప్రయోగశాల ఉందా అన్న గడిలో ఉందని నిజాయితీగానే రాశాను, ఎందుకంటే గది ఉంది, బీరువాలో పరికరాలు ఉన్నాయి. ఆ గది తాళం నెలకు ఎన్నిసార్లు తీశారని అడిగే గడి ఆ పత్రంలో లేదు. అది తెలుసుకోవాలంటే బడికి వెళ్లి తొమ్మిదో తరగతి పిల్లవాడి సైన్సు రికార్డు చూడనివ్వమని అడగాలి.

సీబీఎస్‌ఈ బడుల విషయంలో తల్లిదండ్రులకు కొంత ఎక్కువ వెసులుబాటు ఉంది. ఆ బోర్డు అనుబంధ పాఠశాలలన్నీ తమ వెబ్‌సైట్‌లో మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ పేరుతో గుర్తింపు పత్రాలు, ఉపాధ్యాయుల సంఖ్య, గదుల కొలతలు, గత మూడేళ్లలో పదో తరగతికి నమోదైనవారు, పాసైనవారు ఎంతమందో పెట్టి తీరాలి. సీబీఎస్‌ఈ కరిక్యులమ్ అని మాత్రమే నామఫలకం మీద రాసుకొని, అనుబంధ గుర్తింపు లేకుండా నడిచే బడులు నగరంలో ఉన్నాయి కాబట్టి, ఆ బడి పేరు సీబీఎస్‌ఈ వారి అనుబంధ గుర్తింపుల వెబ్‌సైట్ సారస్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడాలి. ఒక బోర్డు శాతాన్ని ఇంకో బోర్డు శాతంతో పోల్చడం మాత్రం సరికాదు. మన ఎస్‌ఎస్‌సీకి చాలా సబ్జెక్టుల్లో పాసు మార్కు 35, సీబీఎస్‌ఈకి 33. అక్కడ లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయిల పరీక్షలున్నాయి. కొలబద్ద వేరైనప్పుడు అంకెల్ని పక్కపక్కన పెట్టి ప్రయోజనం లేదు.

జాతీయ స్థాయి సర్వేల గురించి కూడా నన్ను అడుగుతుంటారు. పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలవడానికి 2021లో నాస్ పేరుతో, 2024 డిసెంబరులో పరఖ్ పేరుతో జరిగిన సర్వేలు నమూనా సర్వేలు. జిల్లా ఎలా ఉందో చెబుతాయి, మీ వీధి బడి ఎలా ఉందో చెప్పవు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే గ్రామాల్లోనే జరుగుతుంది. హైదరాబాద్ జిల్లా అంతా పట్టణమే కాబట్టి అది మనకు వర్తించదు.

సంచాలకుల వారూ, ఇంతవరకూ రాసినది చదివిన తరువాత ఒక ప్రశ్న మీకు కలగవచ్చు. బడుల అంకెలన్నీ బహిరంగంగా పెడితే పత్రికలు ర్యాంకులు కడతాయి కదా, బస్తీల్లోని ప్రభుత్వ బడులు అట్టడుగున కనిపిస్తాయి కదా అని. ఈ భయం నాకూ ఉంది. గురుకులాలు ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటాయి. బోరబండలోనో, పాతబస్తీలోనో ఉన్న సర్కారు బడి గేటు దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనూ తీసుకుంటుంది. వాళ్లలో ఇంట్లో చదువుకున్నవారే లేని పిల్లలుంటారు, ఏడాది మధ్యలో బీదర్ నుంచో, బీహార్ నుంచో వచ్చి తెలుగు అక్షరం అప్పుడే మొదలుపెట్టేవారుంటారు. ఈ రెండు బడుల ఉత్తీర్ణత శాతాలను పోల్చడమంటే, గమ్యం ఒకటే అయినా ఇద్దరూ ఎక్కడి నుంచి బయలుదేరారో చూడకపోవడం. ర్యాంకులు నేను కోరడం లేదు. నిజానికి ఇప్పుడు మార్కెట్‌లో నడుస్తున్నది శాతాల ర్యాంకే, దాని ఒత్తిడి వల్లనే తొమ్మిదో తరగతి చివర టీసీలు చేతుల్లో పెడుతున్నారు. ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు అన్న అంకెను శాతం పక్కన నిలబెడితే పిల్లల్ని వదిలించుకోవడం లాభసాటి కాకుండా పోతుంది, అందరినీ అట్టిపెట్టుకున్న బస్తీ బడి పడ్డ కష్టం కూడా మొదటిసారి లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వ బడుల్లో 2022 నుంచి ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం కింద, ఆ తరువాత పై తరగతుల్లో ఉన్నతి కింద పిల్లల స్థాయిని కొలుస్తూనే ఉన్నారు. జూన్‌లో ఎంతమంది ధారాళంగా చదవగలిగారు, మార్చినాటికి ఎంతమంది చదవగలిగారు అన్న రెండు అంకెలు బడి గోడ మీద రాస్తే, ఆ ఉపాధ్యాయులు చేసిన పని నూటికి నూరు ఫ్లెక్సీ కన్నా ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి కొత్త చట్టం అవసరం లేదు. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రభుత్వ కార్యాలయాలు తమ దగ్గరున్న సమాచారాన్ని ఎవరూ అడగకముందే వెల్లడించాలని చెబుతోంది. ప్రైవేటు సంస్థలకు సంబంధించి ఏదైనా చట్టం కింద ప్రభుత్వం తెప్పించుకోగల వివరాలు కూడా సమాచారం అన్న నిర్వచనంలోకి వస్తాయని అదే చట్టంలోని 2(ఎఫ్) సెక్షన్‌లో ఉంది. ఇప్పుడైతే ఒక తండ్రి పది రూపాయల రుసుముతో జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, ముప్పై రోజులు ఎదురుచూడాలి. దినకూలీ మీద బతికేవాడికి కార్యాలయం చుట్టూ తిరిగిన రోజు కూలి పోతుంది. యూడైస్ ప్లస్ కార్డు ఇంగ్లిషులో, పొడి అక్షరాలతో ఉంటుంది. దాన్ని చదవగలిగినవారికి పిల్లల్ని ఏ బడిలో వేయాలో చెప్పడానికి పదిమంది తెలిసినవారు ఎలాగూ ఉంటారు. చదవలేనివారికే ఆ కార్డు అవసరం.

అందువల్ల నా విన్నపం ఇది. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేకుండా ప్రతి ఉన్నత పాఠశాల గేటు పక్కన, లోపలికి వెళ్లకుండానే చదువుకోగలిగేలా, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషల్లో ఒక పేజీ అతికించేలా ఆదేశించండి. బడి కోడ్, ఏ తరగతి వరకు గుర్తింపు ఉంది, అది ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి పైన ఉండాలి. వాటి కింద మూడేళ్ల క్రితం ఎనిమిదిలో ఎంతమంది, తొమ్మిదిలో ఎంతమంది, తొమ్మిది తరువాత టీసీ తీసుకున్నవారు ఎంతమంది, పదిలో ఎంతమంది, పరీక్ష రాసినవారు ఎంతమంది, పాసైనవారు ఎంతమంది అన్నవి శాతాలుగా కాక మనుషుల సంఖ్యగా రాయాలి. ఏ సబ్జెక్టుకు ఉపాధ్యాయుడు ఉన్నారు, దేనికి లేరు అన్నది రాయాలి. గదులు, కంప్యూటర్లు ఎన్నో కూడా రాయవచ్చు. బడి తన పరిస్థితిని వివరించుకోవడానికి నాలుగు పంక్తుల ఖాళీ వదలాలి. మా బస్తీలో ఇళ్లు కూల్చడంతో 14 కుటుంబాలు వెళ్లిపోయాయి అని ఒక ప్రధానోపాధ్యాయుడు అక్కడ రాసుకోగలిగితే, ఆ అంకె తప్పుగా అర్థం కాదు. పిల్లల పేర్లు గానీ, వ్యక్తిగత మార్కులు గానీ ఎక్కడా ఉండకూడదు. కాగితంలోని అంకెలు సరైనవో కావో ప్రతి మండలంలో కొన్ని బడులను ఎంచుకొని అడ్మిషన్ రిజిస్టరుతో సరిచూడాలి. ఆ పనికి నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఎంతోమంది జీతం అడగకుండా వస్తారు, మా ప్రాంతానికి నేను వస్తాను.

వచ్చే జూన్ 12 నాటికి నగరమంతా వీలుకాకపోతే, ముందు మల్కాజిగిరి మండలంలో మొదలుపెట్టండి. స్థలం చాలదనో, యాజమాన్యాల అభ్యంతరాల వల్లనో ఆ పేజీలో కొన్ని వరుసలు తగ్గించాల్సి రావచ్చు. గదుల సంఖ్య తీసేసినా, కంప్యూటర్ల సంఖ్య తీసేసినా నాకు అభ్యంతరం లేదు. తొమ్మిదో తరగతి తరువాత టీసీ తీసుకున్నవారు ఎంతమంది అన్న వరుసను మాత్రం ఏ కారణం చేతా తీసేయవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్